కొమ్మలేసిన పొద్దుతిరుగుడు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు, కువైట్‌లో నేను పనిచేసిన మూడిళ్ళవాళ్ళకీ తెలుసు. కానీ నా చెయ్యి మంచిదని కూడా తెలుసు. మైదుకూరు చుట్టుపక్కల సీడు పొద్దుతిరుగుడు వేసిన రైతు ఎవరైనా సరే, కల్తీ ఏరడానికి కూలీలు కావాలంటే ముందు వెంకటేశ్వరి వస్తుందా అని అడిగేవాడు. అంత పేరున్న చేత్తోనే ఈ తప్పు చేశాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను గానీ డ్రైవర్ నూర్ బాషా ఇప్పటికే సగం కువైట్‌కి చెప్పేశాడు. వాడి నోట్లో నానడం కంటే జరిగింది జరిగినట్టు నేనే చెప్పుకోవడం మేలు.

ముందు సీడు సంగతి చెప్పాలి. కంపెనీకి విత్తనం పండించే పొలంలో ఆడ వరసలు, మగ వరసలు వేరువేరుగా ఉంటాయి. పొద్దున మంచు ఆరాక మగ పువ్వుల మీద మెత్తటి గుడ్డతో రుద్ది, ఆ పుప్పొడిని తెచ్చి ఆడ పువ్వులకు రుద్దాలి. దాన్నే మేం క్రాసింగ్ అంటాం. అంతకంటే ముందు, మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడే కల్తీ ఏరాలి. మేం వేసే రకంలో ఏ మొక్కకైనా ఒకటే కాడ, ఒకటే పువ్వు. ఆకు పంగలో పిలక కనబడిందంటే అది కల్తీ. వేరుతో సహా పీకి గట్టు మీద పడెయ్యాల్సిందే. ఒక్కటి మిగిలినా సూపర్‌వైజర్ పంటంతా వద్దని రాసి పోతాడు, రైతు నెత్తిన గుడ్డేసుకోవాలి. పన్నెండేళ్ళు చేశాను ఆ పని.

ఈ జనవరిలో అహ్మదిలోని ఈ ఇంట్లో పనికి చేరాను. ఇంటావిడను మామా అని, ఆమె తండ్రిని బాబా అని పిలుస్తాను. బాబా ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా చేసి దిగిపోయిన మనిషి. షుగరు ఆయన చూపు తినేసింది. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కనబడదు. భార్య పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరూ, నేనూ, మామా పెంచుకునే ఒక చిలకా. నూర్ బాషా రాయచోటివాడు, బయటి గదిలో ఉంటాడు. నన్ను అక్కా అంటూనే ఏడిపిస్తాడు, నేనూ వాడికి తగ్గను.

చేరిన రోజే బాబా చేతికర్ర తాటించుకుంటూ నన్ను పెరట్లో గోడవారకు తీసుకెళ్ళాడు. మడిలో ముప్పై నలభై మొలకలు నాలుగేసి ఆకులతో ఉన్నాయి. ఆ గరుకు ఆకు చేతికి తగలగానే గుర్తుపట్టాను. పొద్దుతిరుగుడు! ఈ ఇసుక దేశంలో సొంత చెల్లెలు ఎదురొచ్చినంత సంతోషమైంది. "బస్ మాయ్," అన్నాడు బాబా. నీళ్ళు మాత్రం పెట్టు, ఇంకేమీ చెయ్యొద్దు అని. లోపల్లోపల నవ్వుకున్నాను. పొద్దుతిరుగుడు గురించి నాకే చెబుతున్నాడే ఈ పెద్దాయన!

ఫిబ్రవరిలో బాబాకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఆసుపత్రిలో ఉంచేశారు. మామా పొద్దున ఆఫీసుకు, సాయంత్రం ఆసుపత్రికి తిరుగుతుండేది. పెరడంతా నా చేతిలో పడింది. మొక్కలు మోకాలెత్తుకు వచ్చాయి. వచ్చి, ఆకు ఆకుకీ పంగలో పిలక వేశాయి! ఒకటీ అరా కాదు, మడి మడంతా. సన్నటి కాడలు, వాటి మీద నూగు, చిన్న ఆకులు. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు పిలకలు గిల్లాను. ఒకటి గిల్లితే రెండు వచ్చేవి. వాటి మధ్యలో ఒక్కటంటే ఒక్కటి మాత్రం, మడి మీదికి వేలాడదీసిన చిలక పంజరం కింద, లావుపాటి పచ్చని కాడతో, వెడల్పాటి ఆకులతో నిటారుగా లేచింది. పిలకన్న మాట లేదు. అదీ మొక్కంటే అనుకున్నాను.

చూపులేని మనిషికి ఎవరో కల్తీ విత్తనం అంటగట్టారు, పాపం అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే నడుం బిగించి ఆ కల్తీనంతా పీకేశాను. గంట పట్టలేదు. కుప్ప తీసుకెళ్ళి ఇంటి వెనక ఏసీ నీళ్ళు కారే మూల పడేశాను. మిగిలిన ఆ ఒంటికాడకు టీ పొడి పిప్పి వేసి, ఊతకర్ర కట్టి, రెండు పూటలా నీళ్ళు పెట్టాను. బాబా ఇంటికొచ్చి చేత్తో తడిమి చూసి నన్ను మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. నిజం చెబుతున్నాను, అలాగే అనుకున్నాను.

మార్చి నడిమికి బాబా వచ్చాడు. సగం మనిషయ్యాడు. మంచం వద్దన్నాడు, మంచినీళ్ళు వద్దన్నాడు, నా భుజం పట్టుకుని నేరుగా మడి దగ్గరికే నడిచాడు. అప్పటికి నా మొక్క ఆయన భుజం దాకా ఉంది, మొగ్గ సాసరంత ఉంది. బాబా కాడ పట్టుకున్నాడు. వేళ్ళు పైకి పోనిచ్చి, కిందికి తెచ్చి, మళ్ళీ పైకి పోనిచ్చాడు. తర్వాత చెయ్యి పక్కకు చాపి గాల్లో వెతికాడు. ఇటు వెతికాడు, అటు వెతికాడు.

"ఇది నాది కాదు," అన్నాడు. "నావెక్కడ?"

ఎప్పుడూ ఆగని నా నోరు అప్పుడు ఆగింది. అబద్ధం చెప్పొచ్చు, పురుగు తినిందనో ఎండకు పోయాయనో. ఆయనకు కనబడదు కదా. కానీ ఆ చెయ్యి ఇంకా గాల్లోనే వెతుకుతోంది. అది చూస్తూ అబద్ధమాడే గుండె నాకు లేదు.

"నేనే పీకేశాను బాబా. కొమ్మలు వేశాయి. చెడ్డవనుకున్నాను."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన మడి అంచున చతికిలబడిపోయాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్లన్నీ మామా తిట్టింది. అవి మామూలు పొద్దుతిరుగుడు కాదట, అడవి పొద్దుతిరుగుడు. బాబా కుర్రాడిగా అమెరికాలో చదువుకోడానికి పోయి, వస్తూ వస్తూ జేబులో వేసుకొచ్చిన గింజలట. నలభై ఎనిమిదేళ్ళుగా మామా వాళ్ళమ్మ ఏటా విత్తి, ఏటా ఏరి డబ్బాలో దాచిందట. ఆమె పోయాక డబ్బాలో మిగిలినవన్నీ బాబా ఒక్కటీ ఉంచకుండా విత్తేశాడట. పోయిన ఎండాకాలం పెరట్లో పాత మట్టంతా తీయించి కొత్త మట్టి పోయించారు కాబట్టి నేలలో దాగిన గింజ కూడా లేదు. "మా అమ్మ చేతి గింజలు! ఖలాస్!" అని మామా ఏడ్చింది. "నెలాఖరుకు నిన్ను ఏజెన్సీకి తిప్పి పంపేస్తాను."

"లా," అన్నాడు బాబా. వద్దు అని. "ఆమె పని ఆమె చేసింది. తెలియక చేసింది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఆయన పెరట్లోకి రావడం మానేశాడు. హాల్లో కుర్చీ వేసుకుని గోడకేసి కూర్చునేవాడు. నేను పెట్టిన అన్నం రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేసేవాడు. వంటింట్లో ఉల్లిగడ్డలు తరగకుండానే నా కళ్ళు కారేవి.

అది చాలదన్నట్టు నూర్ బాషా.

"కల్తీ ఏరేదాంట్లో నీ అంత మొనగత్తె కడప జిల్లాలోనే లేదంటివే అక్కా! ఈడా చూపిచ్చినావా నీ పనితనం?"

"పండ్లు రాలగొడతా సూడు!" అని చీపురెత్తాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టయింది నా పని.

పది రోజులు గడిచాయి. ఏసీ మూలన ఎండిన కుప్ప ఇంకా అలాగే ఉంది. దాని ముఖం చూడబుద్ధి కాక అటు పోలేదు. ఒకరోజు మామా కసరడంతో, సంచీ పట్టుకుని పోయి ఆ చెత్త ఎత్తుతుంటే అడుగున ఏదో పచ్చగా తగిలింది. పీకి పారేసిన వాటిలోనే ఒకటి, నీళ్ళు చుక్క చుక్క కారే చోట పడి మళ్ళీ వేరుకుంది. కొంత నేల మీద పాకి, తర్వాత మెడ ఎత్తి నిలబడింది. బారెడు కూడా లేదు, కానీ పదకొండు కొమ్మలు. కొమ్మకొక మొగ్గ. ఒకటి విచ్చుకుని ఉంది. అరచేతిలో ఇమిడే పువ్వు, చుట్టూ పసుపు రేకులు, నడుమ మాత్రం మా పొలాల్లో ఎప్పుడూ చూడని ముదురు వంగపండు రంగు.

దేవుడా అని అక్కడే కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. తర్వాత పరుగెత్తి బాబా చెయ్యి పట్టి లాక్కొచ్చాను. చెప్పు కూడా వేసుకోనివ్వలేదు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో చూశాడు. నూగు, ఆకు అంచు, ఒక్కో కొమ్మా. ముఖమంతా వెలిగింది. అలాగే వెలుగుతూ ఉండగానే మళ్ళీ ఆరిపోయింది.

"ఒక్కటేనా?" అన్నాడు.

ఆయన ఎందుకడిగాడో నాకు వెంటనే అర్థమైంది. ఈ జాతికి సొంత పుప్పొడి పనికిరాదు. పక్కన ఇంకో మొక్క ఉండాలి, దాని పుప్పొడి దీనికి, దీని పుప్పొడి దానికి పడాలి. ఒంటరి మొక్క ఎంత పూసినా గింజలన్నీ తాలే. పోనీ పక్కన ఏముంది? పంజరం కింద నా ఒంటికాడ ఉంది, రేపో ఎల్లుండో విచ్చుకునేలా. అది చిలక మేతలోంచి రాలిన సంత గింజ. దాని పుప్పొడి తేనెటీగ మోసుకొచ్చి ఈ చిన్నదానికి అంటించిందంటే గింజ పడుతుంది, కానీ వచ్చే ఏడు మొలిచేది ఇటూ కాదు అటూ కాదు.

అప్పుడు తెలిసింది నాకు ఆ మడిలో కల్తీ ఏదో. పన్నెండేళ్ళ పనితనం, కల్తీని ఉంచుకుని అసలును పీకేశాను. వంటింట్లోంచి కత్తి తెచ్చాను. బిడ్డలా పెంచాను దాన్ని, టీ పిప్పి వేసి, కర్ర కట్టి. దాని తప్పేముంది? అయినా కాడ మొదలంటా కోశాను.

ఆ కోసింది మోసుకెళుతుంటే నూర్ బాషా ఎదురొచ్చాడు. నాతో ఇంటి వెనక్కి వచ్చి ఏసీ మూలన చిన్నదాన్ని చూసి నోరు తెరిచాడు.

"ఈ పువ్వు నేను సూసినా గదక్కా! అమ్ఘరాలో చిన్నపుల్లయ్యన్న కాడ అచ్చం ఇట్లాంటిదే ఉండాది."

బాబా తలెత్తాడు. "పుల్లయ్యా?"

చిన్నపుల్లయ్య ఒకప్పుడు ఈ ఇంట్లోనే తోటపని చేశాడట, తొమ్మిదేళ్ళు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మారి వెళ్ళిపోయేటప్పుడు బాబా భార్య ఆయనకు ఒక పిడికెడు గింజలిచ్చి పంపిందట. ఇప్పుడు అమ్ఘరాలో పాత ఇనుప సామాను యార్డుకు కాపలా.

"రేపు మామాను ఆఫీసులో దింపాక అమ్ఘరాకు," అన్నాడు బాబా నూర్ బాషాతో. "నేనూ వస్తాను."

మామా తల కొట్టుకుంది. జబ్బుమనిషి, దుమ్ము, పిచ్చిమొక్క కోసం అంత దూరమా అని. "యల్లా, యల్లా," పదండి పదండి అంటూ బాబా అప్పుడే కర్ర వెతుక్కున్నాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడ్డం నేను మొదటిసారి విన్నాను.

రుద్దే గుడ్డ మెత్తగా ఉండాలి. బాబా తన పాత తెల్లటి తలగుడ్డ ఒకటి ఇచ్చాడు, కడిగి కడిగి మల్లుగుడ్డలా అయిపోయింది. పొద్దున బయల్దేరబోతుంటే ఆగమన్నాడు. మన పువ్వుల పుప్పొడి కూడా ఒక కొసకు తీసుకోమన్నాడు. నాకు చిర్రెత్తింది. విచ్చుకున్నవి రెండే పువ్వులు, ఉన్న కాస్త పుప్పొడీ ఎవరికో పంచడమా?

"మనం తెచ్చుకోడానికి పోతున్నాం బాబా, ఇవ్వడానికి కాదు."

"ఒకరింటికి ఖాళీ చేతులతో పోతామా?" అన్నాడాయన.

సణుక్కుంటూనే ఒక కొసతో రెండు పువ్వులూ రుద్ది ముడి వేశాను. స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. గంట ప్రయాణం.

అమ్ఘరాలో ఎటు చూసినా ఇనుము. విరిగిన క్రేన్లు, లారీ తొట్లు, తుప్పు పట్టిన పైపులు. ఆ యార్డు చివర ఒక రేకుల గది, పక్కన కారుతున్న నీళ్ళ ట్యాంకు. ట్యాంకు పక్కన, ఇనుప దూలాల చాటున, మనిషి కంటే ఎత్తుగా ఆ మొక్క! యాభై పువ్వులకు తక్కువ లేవు. మా పొలాల్లో విచ్చుకున్న పువ్వులన్నీ తూర్పుకే తిరిగి నిలబడతాయి. ఇది నాలుగు దిక్కులా చూస్తోంది. నేను ఎవరినీ అడగకుండా డబ్బా తెరుచుకుని నేరుగా పోయాను.

"ఏయ్ మే! దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి ఇరుగుతాది!"

బనీను మీద ఒక ముసలాయన రేకుల గదిలోంచి ఉరికొచ్చాడు. అరవైకి దగ్గర వయసు, ముఖం ఎండకు నల్లబడిపోయింది.

"పువ్వు కోసేదానికి రాలేదు అన్నా. పుప్పొడి రుద్దుకుంటాం," అన్నాను.

"ఏం రుద్దొద్దు. ఈడ నాతో మాట్లాడేది అదొక్కటే. దాని జోలికొస్తే ఊరుకోను."

"అది మాట్లాడతాదా?"

"నేను మాట్లాడతా, అది ఇంటాది. నీ అట్ల మద్దెలో నోరు పెట్టదు."

నాకు కోపం నసాళానికి అంటింది. ఇంకో మాట అనబోతుంటే వెనక కారు తలుపు తీసిన చప్పుడైంది. నూర్ బాషా భుజం పట్టుకుని బాబా దిగాడు. చిన్నపుల్లయ్య ఒక్క క్షణం అలా చూసి గదిలోకి పరుగెత్తాడు. చొక్కా తొడుక్కుని, గుండీలు ఒకదానికొకటి తప్పు పెట్టుకుని బయటికొచ్చాడు. వచ్చి బాబా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మ పోయిందని యాన్నో ఇంటి," అన్నాడు నూర్ బాషాతో, కళ్ళు తుడుచుకుంటూ. "రావాలనుకుంటి. ఆయమ్మ ఇచ్చిన గింజ నిలబెట్టలేకపోతి, ఆ ఇంటికి మళ్ళా యే మొగం పెట్టుకోని పోదునని ఆగిపోతి."

ప్లాస్టిక్ కుర్చీ దులిపి బాబాను కూర్చోబెట్టాడు. టీ పెట్టాడు. గింజలు చల్లి నాలుగేళ్ళయిందట. మొదటి ఏడే పిట్టలు చాలా తినేశాయట, మిగిలినవి ఒక్కసారే మొలవవు, మట్టిలో నిద్రపోయి ఏటికొకటి చొప్పున లేస్తాయట. "ఒగటే లేస్తాది, ఒగటే పూస్తాది. గింజ మాత్రం తాలు. ఏటా పగలగొట్టి సూస్తా, లోపల ఏమీ ఉండదు. నా చేతిలోనే దోషం ఉండాదనుకుంటి." తొమ్మిదేళ్ళు తోటపని చేసిన మనిషికి ఒంటరి మొక్క సంగతి తెలియదు! తెలిసిన నేను నిలువునా పీకేశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

టీ తాగుతూ బాబా చెప్పాడు, నూర్ బాషా తెలుగులో అన్నాడు. అమెరికాలో కాన్సాస్ అనే చోట చదువుతున్నప్పుడు ఒక రైతు ఇంట్లో అద్దెకుండేవాడట. ఎవరి భాషా రాదు, తిండి పడదు, ఏడుపొక్కటే. రోడ్డు వెంట, రైలు పట్టాల వెంట ఈ పువ్వులు వాటంతటవే పూసేవి. అక్కడి రైతులకు అది కలుపు. ఆ రైతు చేలోంచి పీకి దారి పక్కన కుప్ప వేశాడట. వారం తర్వాత చూస్తే పీకేసిన కాడల మీదే పువ్వులు ఎండి గింజ గట్టిపడి ఉందట. "అది చూసి నాకు ధైర్యం వచ్చింది. నాలుగు గింజలు జేబులో వేసుకున్నాను," అన్నాడు. నావైపు తిరిగి నవ్వాడు. "నువ్వొక్కదానివే కాదు. దీన్ని అందరూ పీకేవాళ్ళే."

నేను మొఖం తిప్పుకుని పనిలో పడ్డాను. తలగుడ్డ ఒక సగంతో అమ్ఘరా పువ్వుల పుప్పొడి మెల్లగా అద్దుకుని ముడి వేశాను. రెండో కొస ముడి విప్పి, మా దాని పుప్పొడిని పువ్వు పువ్వుకీ రుద్దాను.

"పెండ్లి చేస్తాండావా మే?" అన్నాడు చిన్నపుల్లయ్య, ఇప్పుడు మెత్తబడి.

"చేస్తాండా. కట్నం టీ ఒగటే పోస్తివి, బిస్కెట్టు కూడా లేదు," అన్నాను. ఆ యార్డులో ఎన్నాళ్ళకో నవ్వు వినబడి ఉంటుంది.

పువ్వు ఒక్కరోజులో పని ముగించుకోదు. చుట్టూ అంచు నుంచి మొదలై రోజుకొక వరస చొప్పున నడిమికి విచ్చుకుంటూ పోతుంది. అందుకని రోజు విడిచి రోజు మొత్తం నాలుగుసార్లు పోయాం. ప్రతిసారీ ఇటు పుప్పొడి అటు, అటు పుప్పొడి ఇటు. ప్రతిసారీ నేను సణిగేదాన్ని, బాబా వినిపించుకునేవాడు కాదు. ఆయన అన్నం తినడం మొదలుపెట్టాడు. మామా కూడా ఏజెన్సీ మాట ఎత్తడం మానేసింది.

ఏప్రిల్ నడిమికి రేకులు రాలి, మా చిన్నదాని పువ్వుల నడుములు ఉబ్బాయి. ఒక గింజ గిల్లి చూశాను. తెల్లటి పాలు! తాలు కాదు. పిట్టలు పొడవకుండా ఉల్లిగడ్డల సంచీ వల కత్తిరించి ఒక్కో తలకూ తొడిగాను. ఇంకో పదిహేను రోజులు, అంతే. బాబా రోజుకు నాలుగుసార్లు వచ్చి తడిమేవాడు.

ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక పక్క గోధుమరంగుకు తిరిగింది. ఈ కాలంలో ఉన్నట్టుండి గాలివాన లేచే అలవాటు ఇక్కడుంది. నేను మిద్దె మీద ఆరేసిన బట్టలు లాగుతున్నాను. కిందికి దిగేలోపే దుమ్ము గోడలా వచ్చి పడింది. కళ్ళు తెరవలేక గోడ పట్టుకుని ఏసీ మూలకు పోయాను. మొక్క అక్కడ లేదు. పీకేసి మళ్ళీ వేరుకున్న మొక్క, దాని వేరెంత? మొదలుతో సహా లేచిపోయి గేటు ఇనుప కమ్మీలకు చుట్టుకుని ఉంది. వలలు వలలుగానే ఉన్నాయి. నీళ్ళలో పెట్టాను, నీడలో ఉంచాను. పాలు గింజ కాలేదు. నాలుగు రోజుల్లో తెల్లటి పొట్టు మిగిలింది.

ఆ పొట్టు బాబా చేతిలో పోసి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఇంట్లో పనిమనిషిని, అలా ఏడవకూడదని కూడా తోచలేదు.

"నా చేతులు పడిపోను బాబా. ఆ రోజు నేను పీకకుండా ఉంటే దీనికి పాత వేరే ఉండేది. ఇంత గాలికి ఊగేది, పోయేది కాదు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "పుల్లయ్యకు ఫోన్ చెయ్యి," అన్నాడు.

అమ్ఘరాలో ఇనుప దూలాలు గాలికి అడ్డం నిలిచాయి. కొమ్మలు సగం విరిగాయి గానీ మొక్క నిలబడింది. "గింజ?" అని అడిగాను. "ఇంగా పచ్చిదే. పగలగొట్టి సూసే ధైర్నం నాకు లేదుమే. నాలుగేండ్లు తాలే సూసినా," అన్నాడు చిన్నపుల్లయ్య. నెల రోజులు అలాగే గడిచాయి. నేను ఫోన్ చేస్తే ఆయన విసుక్కునేవాడు, చేయకపోతే ఆయనే చేసి విసుక్కునేవాడు.

మే నెల మూడో శుక్రవారం గేటు బెల్లు మోగింది. చిన్నపుల్లయ్య. బస్సులు మారి, ఎండలో నడిచొచ్చాడు. గుండీలు సరిగ్గా పెట్టుకున్నాడు. చంకలో తువ్వాలుతో చుట్టిన మూట. హాల్లో బాబా ముందు కింద కూర్చుని మూట విప్పాడు. చిన్న చిన్న గింజలు, మా ఊరి గింజలో మూడో వంతు ఉంటాయి, బూడిదరంగు మీద నల్లటి మచ్చలు. ఎవరమూ చెయ్యి పెట్టలేదు. బాబాయే ఒకటి తీసుకుని రెండు వేళ్ళ మధ్య నొక్కాడు. అది నొక్కుకుపోలేదు. ఇంకోటి నొక్కాడు. ఇంకోటి నా చేతిలో పెట్టాడు. పంటి కింద పెట్టి కొరికాను. టప్పుమంది. నాలుక మీద నూనె తగిలింది.

"నిండుగా ఉంది బాబా," అన్నాను.

తేవడానికి పోయింది గాలికి పోయింది. ఇవ్వడానికి నేను సణిగిన పుప్పొడే ఇల్లు చేరింది. ఆ నాలుగుసార్లూ నా మాట చెల్లి ఉంటే ఈ పూట ఆ మూటలో తాలు తప్ప ఏమీ ఉండేది కాదు. బాబా అది అనలేదు. నేనే నూర్ బాషా ముందు ఒప్పుకున్నాను, వాడు నవ్వలేదు. చిన్నపుల్లయ్యకు సగం, డబ్బాలోకి సగం చేశాడు బాబా. మామా తన అమ్మ డబ్బాను కడిగి తుడిచి తనే తెచ్చింది.

నవంబరు చివర విత్తాం, నేనూ ఆయనా. ఇప్పుడు డిసెంబరు నడుస్తోంది. పొద్దున టీ తాగాక కుర్చీ మడి దగ్గర వేయించుకుని కూర్చుంటాడు. ఇవాళ నీళ్ళు పెడుతుంటే ఒక మొక్క నాలుగో ఆకు పంగలో బియ్యపుగింజంత పిలక కనబడింది. నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే అక్కడికి పోయాయి. తడి చేతులు చీరకు తుడుచుకుని వెనక్కి తీసుకున్నాను.

"ఏమైంది, ఆగావు?" అన్నాడు బాబా.

"కొమ్మ వేసింది బాబా."

ఆయన చెయ్యి చాచాడు. ఆ చేతి వేలు పట్టుకుని తీసుకెళ్ళి పిలక మీద పెట్టాను.